గంపకి బేడ

ఆదివారం జిలానీ సెల్‌ఫోన్ల కొట్టు తెరవడు.
మిషను భుజానేసుకుని, నన్ను బండెక్కించుకుని
బింగినపల్లి ఉప్పుమడుల వెనక దిబ్బకి తీసుకుపోతాడు.
చెన్నైలో సగం ధరకి కొన్నాడు దాన్ని,
ఒక చెవి పనిచెయ్యని హెడ్‌ఫోనుతో సహా.
పనిచేసే చెవి వాడిది.
పార నాది.

దిబ్బంటే దిబ్బే.
కొటార్ల వాళ్ళు పారేసింది అడుగున,
దాని మీద ఊరు పారేసింది,
దాని మీద ఏ తుఫానో తెచ్చి పోసిన ఇసక,
ఇసక మీద ఎర్రగా ఇలకూర.

కుయ్ అంటుంది.
తవ్వితే సోడా మూత.
కుయ్. సిగరెట్టు పెట్టెలో వెండికాగితం.
కుయ్. గొడుగు ఊచ.
కుయ్. తాళంచెవి, తాళం ఏ లోకాన ఉందో.
ఇరవై మూతలకి ఒక నాణెమని జిలానీ లెక్క.
ఉప్పు మాత్రం ఊరికే వస్తదా అంటాడు,
మడి నిండా నీళ్ళు ఎండితే గదా గంపెడు.

పదింటికి నా జేబులో
ఒక చిల్లికానీ,
ఊదితే ఎగిరిపోయే మూడు పైసలు రెండు,
నాలుగు మూలలూ అరిగిన బేడ.
ఉప్పునేలకి దొరతనమంటే లెక్కలేదు.
రాజుగారి ముక్కు తినేసి
కిరీటం ఒక్కటీ ఉమ్మేసింది.

అప్పుడు ఇంకో రకం కూత.
హెడ్‌ఫోను తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు జిలానీ.
మూరెడు లోతులో ఇత్తడి బిళ్ళ.
రాజు లేడు, సింహాలు లేవు, ఏ సంవత్సరమో లేదు.
పైన ఒక చిల్లి. కింద 37.
"కుక్క మెళ్ళోదిరా" అన్నాడు.

గట్టు మీద ఆదెమ్మ ఇలకూర గిల్లుతా ఉంది.
పొద్దుట్నించీ రెండుసార్లు అడిగింది,
"మీ అమ్మలు ఏమన్నా పోగొట్టుకున్నారా అబ్బయా?"
ఇప్పుడు కుంటుకుంటా వచ్చి బిళ్ళ తీసుకుని
నాలిక మీద పెట్టుకుంది,
ఈ మడిదా పక్క మడిదా అని చూసినట్టు.

"గంప బిళ్ళ.
మడి కాణ్ణించి కొటారుకి మోస్తే ఒకటి.
శనివారం బిళ్ళలిస్తే డబ్బులు, గంపకి బేడ.
పావడా బొందుకి గుచ్చుకునేవాళ్ళం,
చిల్లి అందుకే.
మనిషికో నంబరు. నాది ముప్పై ఎనిమిది.
ముప్పై ఏడు నా ముందు నడిచేది.
నెత్తిన గంపుంటే ఇంకేం చూస్తాం,
దాని మడమలే చూసేదాన్ని.
ఉప్పుకి పగిలి, నెర్రెల్లో తెల్లగా.
మడమలు గుర్తున్నాయి.
పేరే రావటంలా."

కూర గిల్లిన వేళ్ళతో బిళ్ళని రుద్దింది.

"ఒక గంప తక్కువని మేస్త్రీ అన్నాడు.
మోశానని ఇది.
మోస్తే బిళ్ళేదని వాడు.
పొద్దుగూకిందాకా గేటు కాడే కూసుంది.
నేను చూశా మోసింది,
చెప్పలా.
సోమవారం నా ముందు వేరే మడమలు."

ఏమనాలో తెలీక
జేబులో బేడ తీసి ఆమె చేతిలో పెట్టాను.
"చెల్లదు గదరా ఇది."
"బిళ్ళ చెల్లుద్దా?"
నవ్వింది. పళ్ళు తక్కువ.
"మరి వడ్డీ?"
టెంపర్ గ్లాసు మీద పది రూపాయలు తగ్గించని జిలానీ
నా జేబులో చెయ్యిపెట్టి
చిల్లికానీ తీసి ఇచ్చాడు.

బేడా కానీ రెండూ గుంటలో వేసింది.
మడమతో ఇసక తోసి, తొక్కింది.
బిళ్ళని మాత్రం కొంగున కట్టుకుంది,
రెండు ముళ్ళు.

తిరిగి పోతా మిషను పక్కన అడుగేసిందో లేదో
కుయ్యిమంది, గట్టిగా,
ఇవాళ్టికల్లా పెద్ద కూత.
జిలానీ ఎగిరిపడ్డాడు.
ఆదెమ్మ చీర కాస్త ఎత్తి మోకాలు చూపించింది.
"ఒంగోలు పెద్దాసుపత్రిలో ఏసిన ఊచ.
అదీ తవ్వుతారా అబ్బయా?"

ఆమె వెళ్ళాక, మర్చిపోయి
వచ్చేవారం మళ్ళీ ఇక్కడే తవ్వుతామేమోనని
గుంట మీద గుర్తు పెట్టాడు జిలానీ,
ఒక సోడా మూత.